అసలు పేరేటి? – బారువ రేవు నుంచి ఫేస్‌బుక్ దాకా

2017 డిసెంబరులో ఫేస్‌బుక్ మన దేశంలో కొత్తగా ఖాతా తెరుస్తున్న కొంతమందికి ఒక సలహా చూపించింది. ఆధార్ కార్డులో ఉన్న పేరే రాయండి, అలా రాస్తే మీ స్నేహితులు మిమ్మల్ని తేలిగ్గా గుర్తుపడతారు అన్నది దాని సారాంశం. గొడవ లేవగానే, ఇది చిన్న ప్రయోగం మాత్రమే, మేము ఆధార్ నంబరు అడగలేదు, ప్రయోగం కూడా ముగిసింది అని కంపెనీ చెప్పుకుంది. అదే సంవత్సరం ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో తేల్చి చెప్పింది. కనుక పత్రికలన్నీ ఈ సంగతిని గోప్యత గొడవగానే రాశాయి. అందులో తప్పేమీ లేదు. అయితే మాకు తట్టిన ప్రశ్న వేరు. కార్డులో ఉన్న ఆ పేరు ఎవరు రాసింది? దాన్ని అసలు పేరు అని నిర్ణయించింది ఎవరు? స్నేహితులు గుర్తుపట్టడానికైతే సరే, స్నేహితులు కానివాళ్ళు గుర్తుపడితే ఏమవుతుంది?

ఈ ప్రశ్నలు కంప్యూటర్లతో పుట్టినవి కావు. వాటిని అర్థం చేసుకోవాలంటే శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని బారువ లాంటి ఊరి నుంచి మొదలుపెట్టడమే మంచిదని మేము అనుకుంటున్నాం.

ఉద్దానం తీరంలో కొత్త మనిషి కనిపిస్తే ముందు పేరడగరు. "ఏ ఊరు బాబూ? ఎవులి గుంటడివి?" అంటారు. ఊరు చెబితే వీధి అడుగుతారు. వీధి చెబితే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు కూడా చెప్పేశాక ఇక అడిగేదేమీ ఉండదు. కూర్చోమన్న బల్ల మారిపోతుంది, నీళ్ళిచ్చే గ్లాసు మారిపోతుంది. మనిషిని పిలవడానికి కాదు ఇక్కడ పేరు, ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోవడానికి. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకం పేర్ల సంగతి తేటగానే చెప్పింది: బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడిది బలం తోచేటట్టు, వైశ్యుడిది ధనం తోచేటట్టు, శూద్రుడి పేరు ఏవగింపు కలిగించేటట్టు ఉండాలట. శూద్రుడికే ఈ గతి పట్టించినప్పుడు ఊరి అవతల ఉన్నవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. మన తాతలు ఇంట్లో అప్పయ్యలు, పోలయ్యలు. కామందు నోట్లో అప్పిగాడు, పోలిగాడు. కరణం లెక్కలో ఏది ఎక్కిందో, తర్వాత బడి రిజిస్టరులో ఏది ఎక్కిందో అదే "అసలు పేరు" అయి కూర్చుంది. మన పేర్లను మనం రాసుకోలేదు. రాయడం మన చేతిలో లేని కాలంలో మన పేర్లు రాయబడ్డాయి.

పేరు రాయించుకోవడానికి వరస కట్టి నిలబడటం ఈ తీరం జనానికి కొత్త కాదు. బారువ ఒకప్పుడు రేవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కూలీలు మేస్త్రీల దగ్గర బయానా తీసుకుని రంగూను పోయారు. ఒప్పంద కూలీలుగా నేటాలు పోయినవాళ్ళూ ఉన్నారు. బర్మాలో తెలుగోళ్ళందరికీ కలిపి ఒకటే పేరు, కొరంగీలు. ఎక్కడో కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరును గంజాం మాలకీ, విశాఖపట్నం గవరకీ కూడా తగిలించేశారు. 1930 మేలో రంగూను రేవులో బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య గొడవ రేగి తెలుగువాళ్ళను వెతికి వెతికి చంపినప్పుడు ఆ ఒక్క పేరే గుర్తయింది.

నేటాలు దారి ఇంకోలా ఉండేది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ డర్బను చేరింది. అప్పటినుంచి 1911 దాకా వచ్చిన ప్రతి ఓడకూ ఒక జాబితా ఉంది. కూలీకి ఒక నంబరు, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీద పుట్టుమచ్చలూ గాయాల గుర్తులూ. సురేంద్ర భానా అనే చరిత్రకారుడు ఈ జాబితాల మీదే ఒక పుస్తకం రాశారు. గమనించవలసిందేమంటే, పేరు మీద నమ్మకం లేకనే ఒంటిమీద మచ్చలు రాసుకున్నారు. దొరకీ తెలుసు, కూలి మనిషి నోట వచ్చే పేరు ఎప్పుడైనా మారవచ్చునని. అలా మార్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒప్పందం అయిపోయాక అక్కడ స్థిరపడిన కుటుంబాల్లో నాయుడు అన్న పేరు ఎంతగా పెరిగిందంటే, బయల్దేరిన ఓడల్లో అంతమంది నాయుళ్ళు ఎక్కారా అని లెక్క చూసినవాళ్ళకే అనుమానం వచ్చింది. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. మేము అనం. తనమీద బలవంతంగా అంటగట్టిన గుర్తును సముద్రం మధ్య విడిచిపెట్టిన మనిషిని మోసగాడు అనాలంటే, ఆ గుర్తు అంటగట్టినవాడిని ముందు ఏమనాలో చెప్పాలి.

1917 సంవత్సరం దగ్గర కాసేపు ఆగుదాం. ఆ ఏడాదే చిల్కా అనే ఆవిరి ఓడ బారువ దగ్గర సముద్రంలో మునిగింది. దాని శిథిలాలు నీళ్ళలో ఇంకా ఉన్నాయి, ఇప్పుడు ఈతగాళ్ళు చూడటానికి దిగుతున్నారు. ఆ ఏడాదే అమెరికా, ఇంగ్లండుల్లో చదువుకుని వచ్చిన అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళాడు. ఆయనకు ఏ హోటలూ చోటివ్వలేదు. పార్సీల సత్రంలో పార్సీలకే గది. రిజిస్టరులో పార్సీ పేరు ఉండాలి. సత్రం చూసుకునే మనిషి ఒప్పుకున్నాడు, ఈయన ఒక పార్సీ పేరు రాయించుకుని రోజుకు రూపాయిన్నర ఇచ్చి దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని పార్సీలు గుంపుగా వచ్చారు. నువ్వెవరు, అసలు పేరేమిటి, మా సత్రాన్ని మైలపరుస్తావా అని నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. అంబేద్కర్ స్వయంగా రాసుకున్న ఆ అనుభవం చదివితే, అసలు పేర్ల నిబంధన అనేది ఆచరణలో ఎలా ఉంటుందో వేరే వివరించనక్కర్లేదు. ఆ సత్రంలో ఆయన ఎవరికీ హాని చెయ్యలేదు. ఆయన తప్పల్లా రిజిస్టరులో సరైన కులం పేరు లేకపోవడమే.

అదే 1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ అని పిలిచిన సభ, పంచములం కాము, ఆది ఆంధ్రులం అని తన పేరు తానే మార్చుకుంది. దానికి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ పుట్టినప్పుడు మాదరి భాగయ్య. మధ్యలో రెడ్డి, చివర వర్మ చేరాయి. వర్మ బిరుదు 1913లో ఆర్యసమాజం వాళ్ళిచ్చింది. ఈ రోజు కొందరు దీన్ని సంస్కృతీకరణ అని తేలిగ్గా తీసేస్తారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కాకపోతే ఒక సంగతి మర్చిపోతారు: ఒక మనిషి పేరూ, ఒక సమూహం పేరూ రెండూ ఒకే తరంలో ఎదుటివాడి చేతిలోంచి జారి మన చేతిలోకి వచ్చాయి. 1920ల మొదట్లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర అన్న పేరును గుర్తించక తప్పలేదు.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఈ దారిని తలకిందులు చేసింది. పై కులాల పేర్ల వెనక దాక్కోవడం కాదు, రెడ్డీ చౌదరీ రాసుకున్నంత దర్జాగా మాదిగ అని పేరు చివర రాసుకుంటాం అన్నారు. మంద కృష్ణ మాదిగ అన్న పేరు పత్రికల్లో అచ్చయిన మొదటి రోజుల్లో చదువుకున్నవాళ్ళు కూడా పలకడానికి ఇబ్బంది పడ్డారు. తిట్టుగా పలికినప్పుడు ఎవరికీ రాని ఇబ్బంది, బిరుదుగా పలకవలసి వచ్చేసరికి వచ్చింది. 2016లో కంచ ఐలయ్య తన పేరు పక్కన షెపర్డ్ అని చేర్చుకున్నారు, అదీ ఈ కోవలోదే. ఇంకోపక్క గుమ్మడి విఠల్ గద్దర్ అయ్యాడు, కలేకూరి ప్రసాద్ యువక పేరుతో పాటలు రాశాడు. శ్రీకాకుళ పోరాట కాలంలో సోంపేట, బొడ్డపాడు కుర్రాళ్ళు కొండలెక్కి వేరే పేర్లు పెట్టుకున్నారు. పోలీసు కాగితాల్లో అవన్నీ "అలియాస్" కింద చేరాయి. ఒకరు కులాన్ని పేరులోకి తెచ్చుకున్నారు, ఒకరు పేరు మొత్తం వదిలేశారు. మా దృష్టిలో ఇవి రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం కావు. ఎక్కడ ఏ పేరుతో నిలబడాలో నిర్ణయించుకునేది ఆ మనిషే కావడం, రెంటిలోనూ ఉన్న సంగతి అది.

ఇక ఇప్పటి కంపెనీల దగ్గరకు వద్దాం. 2011 జూన్‌లో గూగుల్ ప్లస్ వచ్చింది. నెల తిరక్కుండానే మారుపేర్ల ఖాతాలను మూసెయ్యడం మొదలుపెట్టింది, మూడేళ్ళ తర్వాత 2014 జులైలో ఆ నిబంధన వదులుకుంది, 2019 ఏప్రిల్‌లో దుకాణమే కట్టేసింది. ఫేస్‌బుక్ మాత్రం వదల్లేదు. రోజువారీ జీవితంలో జనం పిలిచే పేరే పెట్టాలన్నది దాని నియమం. 2014 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడవేషంలో ప్రదర్శనలిచ్చే కళాకారుల ఖాతాలు వందల సంఖ్యలో ఆగిపోయాయి. అక్టోబరు 1న కంపెనీ పెద్దల్లో ఒకడైన క్రిస్ కాక్స్ క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణ తర్వాత కూడా అమెరికా ఆదివాసుల ఖాతాలు, మీ పేరు మనుషుల పేరులా లేదు అంటూ ఆపేశారు. ఎవరి పేరు పేరులా ఉంటుందో, ఎవరి పేరు ఉండదో కాలిఫోర్నియాలో కూర్చున్నవాళ్ళు తేల్చారన్నమాట. మన కరణానికీ వీళ్ళకీ తేడా ఏటి?

ఈ నియమం పనిచేసే తీరు చూడాలి. కంపెనీ అందరి పేర్లూ తనిఖీ చెయ్యదు, చెయ్యలేదు. ఎవరో ఒకరు "ఇది దొంగ పేరు" అని ఫిర్యాదు చెయ్యాలి. ఫిర్యాదు చేసినవాడు ఏమీ రుజువు చెయ్యనక్కర్లేదు. ఫిర్యాదుకు గురైనవాళ్ళే గుర్తింపు కార్డు చూపించుకోవాలి, చూపించేదాకా నోరు మూతపడినట్టే. అంటే గుంపు కట్టగలిగినవాడి చేతిలో ఇది కర్ర. బరోడా సత్రం ముందు నిలబడ్డ కర్ర లాంటిదే. 2015లో కేరళలో ఒక రచయిత్రికి ఇదే జరిగింది. ఒక పెద్దమనిషి చనిపోయినప్పుడు అందరూ పొగుడుతుంటే ఆవిడ విమర్శించింది. గుంపుగా ఫిర్యాదులు చేసి ఖాతా ఆపించారు. కార్డు పంపితే ఖాతా తిరిగొచ్చింది, కాని ఆవిడ కావాలని వదిలేసుకున్న కులం పేరును తగిలించుకుని వచ్చింది. కులం పేరు వదులుకునే స్వేచ్ఛ పై కులంలో పుట్టిన మనిషికే లేకపోతే, కింద ఉన్నవాళ్ళ పేరు మీద ఏ హక్కుంటుంది? 2015 డిసెంబరులో ఫేస్‌బుక్ కొన్ని మార్పులు చేసింది. ఫిర్యాదు చేసేవాళ్ళు కారణం రాయాలని, ప్రత్యేక పరిస్థితి ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చని అంది. నియమం మాత్రం ఉంది. 2023 జూన్ నుంచి మన దేశంలో డబ్బు కట్టి నీలం టిక్కు కొనుక్కోవచ్చు. దానికి ప్రభుత్వ కార్డులో పేరుతో ఖాతా పేరు కలవాలి.

కార్డులో పేరు అనేటప్పటికి ఈ జిల్లాలో ఇంకో చిక్కు ఉంది. ఈ వ్యాసం రాయడానికి మమ్మల్ని కూర్చోబెట్టింది నిజానికి అదే. సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ ఆసుపత్రి పెట్టింది. ఈ తీరంలో మిషను బడులూ చర్చిలూ చాలా ఇళ్ళల్లో మొదటి అక్షరం నేర్పాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ మినహాయింపు వచ్చింది, క్రైస్తవులకూ ముస్లింలకూ రాలేదు. మతం మారిన దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సి. వాడ మారదు, బావి మారదు, తిట్టు మారదు, కాగితం మారుతుంది. కనుక మన ఇళ్ళల్లో చాలామందికి రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒకటి, ప్రార్థనలో ఒకటి. అమ్మ పిలిచేది ఒకటి, తహసీల్దారు పిలిచేది ఒకటి. రోజువారీ జీవితంలో జనం పిలిచే పేరు పెట్టాలంటుంది ఫేస్‌బుక్. ఏ జనం?

మాలో ఒకరు హైదరాబాదు చదువుకెళ్ళిన కొత్తలో చర్చిలో పిలిచే పేరుతో ఖాతా తెరుచుకున్నారు. ఊరి నుంచి పెద్దమ్మ ఫోను చేసింది: "ఆ పేరు తీసెయ్యి నానా, ఎవులైనా ఫోటో తీసి ఆఫీసులో ఇచ్చేరంటే సర్టిఫికెట్ పోతాది." పెద్దమ్మకు చదువు రాదు. అయినా ఏ న్యాయవాదీ చెప్పనంత సూటిగా చెప్పింది. 2024 నవంబరు 26న సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవం పాటిస్తూ రిజర్వేషను కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గుంటూరు జిల్లా పాస్టరు ఒకాయన పెట్టిన కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ ఉండదని తేల్చింది. ఈ తీర్పుల మంచిచెడ్డలు వేరే వ్యాసంలో చర్చించాలి. ఇక్కడ చెప్పేదేమంటే, పూర్వం ఒక మనిషి రెండు పేర్ల సంగతి బయటపెట్టాలంటే ఊళ్ళోకొచ్చి అడగాలి, వాడలో ఎవరో ఒకరు నోరు విప్పాలి. ఇప్పుడు ఒక క్రిస్మస్ ఫోటో, దాని కింద ఒక పేరు చాలు. అసలు పేరుతో ఖాతా తెరవమనేవాడికి ఇది పట్టదు. మనకు మాత్రం ఫీజు, సీటు, ఉద్యోగం, కేసు, అన్నీ ఆ ఒక్క పేరు మీద వేలాడుతున్నాయి.

రోహిత్ వేముల విషయంలో ఇది ఎంత దూరం పోగలదో చూశాం. ఫేస్‌బుక్‌లో తన పేరుతోనే, బాహాటంగా రాసిన విద్యార్థి. ఆ రాతలు 2016లోనే కాస్ట్ ఈజ్ నాట్ ఎ రూమర్ అన్న పేరుతో పుస్తకంగా వచ్చాయి. 2016 జనవరి 17న అతను చనిపోయాక ప్రభుత్వాలూ కమిషన్లూ ఎక్కువగా పట్టించుకున్నది అతన్ని సస్పెండు చేసినవాళ్ళ సంగతి కాదు, అతని కులం సంగతి. తండ్రి ఎవరు, తల్లి ఎవరు, సర్టిఫికెట్ ఎవరిచ్చారు అంటూ చనిపోయినవాడిని కూడా "ఎవులి గుంటడివి?" అని అడిగారు. 2024 మేలో తెలంగాణ పోలీసులు అతను దళితుడు కాడంటూ కేసు మూసివేత నివేదిక ఇచ్చారు. గొడవ జరిగాక మళ్ళీ విచారణ జరుపుతామన్నారు.

పేర్లు బయటపెట్టడంలో కంపెనీలకన్నా ప్రభుత్వాలు వెనకబడి ఏమీ లేవు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్ఫై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం ఎవరైనా చూసేటట్టు ఉన్నాయని శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు బయటపెట్టాడు. కులాన్నిబట్టి, మతాన్నిబట్టి ఇళ్ళు వెతకడానికి కూడా అందులో వీలుంది. కారంచేడు (1985), చుండూరు (1991), మన జిల్లాలోనే అప్పట్లో ఉన్న లక్ష్మింపేట (2012) చూసినవాళ్ళకు, కులాన్నిబట్టి ఇళ్ళు వెతికే వీలు అంటే ఏమిటో చెప్పాలా? లక్ష్మింపేటలో అయిదుగురిని చంపినవాళ్ళకు ఇళ్ళు వెతుక్కోవడానికి వెబ్‌సైటు అవసరం రాలేదు, నిజమే. కాని ఊరు దాటి పట్నం వచ్చి, అద్దె ఇల్లు దొరకడం కోసం ఇంటిపేరు మింగేసి బతుకుతున్నవాళ్ళ సంగతేమిటి? ఊళ్ళో మాత్రమే ఉండే ఎరుక ఇప్పుడు హైదరాబాదులోనూ, చెన్నైలోనూ, గల్ఫులోనూ వాళ్ళ వెంటపడుతోంది.

మన మిత్రుల్లోనే కొందరంటారు: దొంగ పేర్ల వెనక దాక్కుని మనల్ని తిట్టేవాళ్ళను పట్టుకోవాలంటే అసలు పేర్లు తప్పనిసరి చెయ్యాల్సిందే కదా అని. ముఖ్యంగా రాసే దళిత స్త్రీలకు వచ్చే బూతులు చూస్తే ఈ మాటలో బాధ అర్థమవుతుంది. దీన్ని తోసిపుచ్చలేం. కాని రెండు సంగతులు చూడాలి. మొదటిది, కులం పేరుతో తిట్టేవాళ్ళలో చాలామంది తమ పేరూ, ఇంటిపేరూ, కులబిరుదూ, సొంత ఫోటో పెట్టుకునే తిడుతున్నారు. పేరు వాళ్ళకు సిగ్గు కాదు, అండ. రెండోది, కోర్టుకో పోలీసుకో మనిషి ఎవరో తెలియడం వేరు, లోకమంతటికీ తెలియడం వేరు. చట్టప్రకారం అడిగితే కంపెనీ ఖాతాదారు వివరాలు ఇవ్వాలి. కేసు పెట్టకపోవడానికి కారణం నేరస్థుడి పేరు తెలియకపోవడం కాదు, పేరు తెలిసినా స్టేషనులో రాసుకోకపోవడం. అట్రాసిటీ చట్టం 3(1) సెక్షను "నలుగురూ చూసే చోటు" అంటుంది. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియో కూడా అలాంటి చోటేనని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. మనం పట్టుబట్టవలసింది అక్కడ.

దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లలో రాసేవాళ్ళందరికీ అసలు పేరు తప్పనిసరి చేసింది. 2011లో ఒక కంపెనీ నుంచి మూడున్నర కోట్లమంది వివరాలు దొంగిలించుకుపోయారు. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇది తెలిసీ మన దగ్గర 2021 డిసెంబరులో పార్లమెంటు సంయుక్త సంఘం ఖాతాలన్నిటికీ గుర్తింపు తనిఖీ తప్పనిసరి చెయ్యాలని సిఫారసు చేసింది. 2021 ఐటీ నిబంధనల్లో ఆ తనిఖీ ఇష్టమైనవాళ్ళకే అని ఉంది. ఇష్టం అనే మాట ఎన్నాళ్ళుంటుందో రేషను కార్డుకు ఆధార్ కలిపిన అనుభవం ఉన్నవాళ్ళకు తెలుసు.

బారువ పక్కనే బీల భూములున్నాయి. 2010 జులై 14న థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు, వందలమంది మీద కేసులు పెట్టారు. కాగితంలో పేరున్నవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. "మరికొందరు" అన్న మాట కింద ఉన్నవాళ్ళు ఎప్పుడు పేరు పిలుస్తారోనని తిరిగారు. ఆ రోజుల్లో ఇప్పటిలా అందరి చేతుల్లోనూ ఫోన్లు లేవు. రేపు అలాంటిది వస్తే, ఎవరు ఏ ఊరేగింపు ఫోటో కింద ఏ పేరుతో ఏం రాశారో ముందే సిద్ధంగా ఉంటుంది.

ఈ పని ఇంకా మొదట్లోనే ఉంది. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో మీ ఇళ్ళల్లో బడి రిజిస్టరు పేరు ఎలా వచ్చిందో, ఏ తరంలో ఎందుకు మారిందో, ఇంట్లో పిలిచే పేరు ఏదో, ఫోనులో ఏ పేరు పెట్టుకున్నారో, ఎందుకో రాసి పంపితే వచ్చే సంచికల్లో వేస్తాం. రెల్లి, పైడి, దండాసి, బావురి ఇళ్ళ నుంచి రాతలు మాకు ఇంతవరకు చాలా తక్కువ వచ్చాయి, వాళ్ళు తప్పక రాయాలి. రాతతోపాటు మీ పేరు అచ్చువెయ్యాలో, వేరే పేరు వెయ్యాలో, ఏ పేరూ వద్దో కూడా రాయండి. కార్డు అడగం.